మీ నాన్నగారి 1977, మీ పాప 2024

ప్రశ్న: మాది విజయవాడ, సింగ్‌నగర్. 2024 సెప్టెంబరులో బుడమేరు వచ్చినప్పుడు ఐదు రోజులు మొదటి అంతస్తులోనే ఉండిపోయాం. మా పాప మెట్ల మీద కూచుని నీళ్లు ఎన్నో మెట్టుదాకా వచ్చాయో లెక్కపెడుతూ ఉండేది. ఇప్పుడు ఎనిమిదో తరగతి. వాన గట్టిగా పడితే చాలు, నిద్రపోదు. "భూమి వేడెక్కిపోతోంది కదమ్మా, నేను పెద్దయ్యేసరికి ఏమీ మిగలదంట" అంటుంది. మా నాన్నగారు తెనాలి దగ్గర రైతు, డెబ్బై దాటాయి. ఏ రోజు నారు పోశారో, ఎప్పుడు వాన పడిందో నలభై ఏళ్లు పుస్తకాల్లో రాసుకున్న మనిషి. ఆయనేమో "ఇదంతా కొత్తా? 77లో ఉప్పెన రాలేదా? రోహిణీ కార్తెలో రోళ్లు పగలడం మా తాతల నాటి సామెత. ఎండ సూర్యుడిది, మనిషిదేముంది? రేపటి వాన చెప్పలేనివాళ్లు యాభై ఏళ్ల తర్వాత సంగతి చెబుతారా?" అని కొట్టిపారేస్తారు. సంక్రాంతికి వెళ్లినప్పుడు తాతా మనవరాలూ దీనిమీదే పోట్లాడుకున్నారు, పాప ఏడ్చింది. మధ్యలో నేను. బీకాం చదివాను, సైన్సు పదో తరగతితోనే ఆగిపోయింది. ఎవరిది నిజం? మొదటినుంచీ అర్థమయ్యేలా చెప్పండి.
– ఒక తల్లి, విజయవాడ

సమాధానం:

అమ్మా,

మీ ఉత్తరం చదువుతుంటే ఆ మెట్ల దగ్గరే నా మనసు ఆగిపోయింది. నీళ్లు మెట్టు మెట్టూ ఎక్కుతుంటే లెక్కపెట్టిన పిల్లకి భయం లేకపోతేనే ఆశ్చర్యపోవాలి. పాప సంగతి చివర్లో మాట్లాడతాను, ముందు మీరడిగిన ప్రశ్న. ఇద్దరూ కళ్లారా చూసిందే చెబుతున్నారు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచేసిన ఉప్పెన నిజం. పదివేల మందికి పైగా పోయారు. 2024 సెప్టెంబరులో సింగ్‌నగర్ నిజం. అయితే మీ నాన్నగారు ఆ ఒక్క ఉప్పెనను చూపించి ఏదీ మారలేదంటున్నారు, మీ పాప ఆ ఐదు రోజులు చూసి అంతా అయిపోయిందనుకుంటోంది. ఒక్క తుపానుతో, ఒక్క వరదతో ఈ రెండిట్లో ఏదీ తేలదు.

ఈ గొడవకు సగం కారణం మనం మాట వాడే తీరే అని నాకనిపిస్తుంది. 'వాతావరణం' అనే ఒక్క మాటతో మూడు పనులు చేయిస్తున్నాం. భూమి చుట్టూ ఉన్న గాలి పొర వాతావరణమే. "ఇవాళ వాతావరణం బాగాలేదు, గొడుగు తీసుకెళ్లు" అన్నప్పుడు మబ్బూ వానా వాతావరణమే. పేపర్లో "వాతావరణ మార్పు" అని రాసినప్పుడు మాత్రం అర్థం పూర్తిగా వేరు. ఆ మూడోదానికి మన స్కూలు పుస్తకాల్లో 'శీతోష్ణస్థితి' అని విడిగా మంచి మాట ఉండేది. పరీక్ష రాసేసి మర్చిపోయాం. ఈ జవాబు వరకైనా దాన్ని మళ్లీ వాడుకుందాం.

ఇవాళ సాయంత్రం బెంజి సర్కిల్లో వాన పడుతుందా అన్నది వాతావరణం. జూలైలో ఈ ఊళ్లో మామూలుగా ఎంత వాన పడుతుంది, మే నెల మధ్యాహ్నం మామూలుగా ఎంత ఎండ ఉంటుంది, ఆ మామూలు నుంచి ఎంత అటూ ఇటూ అవుతుంటుంది అన్నది శీతోష్ణస్థితి. వాతావరణ శాఖ వాళ్లు "సాధారణం కంటే 3 డిగ్రీలు ఎక్కువ" అంటుంటారు కదా, ఆ సాధారణం అనేది 30 ఏళ్ల సగటు. ఇప్పుడు వాడుతున్నది 1991 నుంచి 2020 దాకా లెక్కగట్టినది.

నిజానికి మీ నాన్నగారికి ఇది కొత్తగా నేర్పాల్సిన విషయమే కాదు. కార్తెలంటే ఏమిటి? రోహిణిలో ఎండలు మండుతాయి, మృగశిరతో చల్లబడుతుంది, ఆరుద్ర కురిస్తే దారిద్ర్యం ఉండదు. ఇవేవీ ఫలానా తేదీన వాన పడుతుందని చెప్పిన జోస్యాలు కావు. తరతరాల రైతులు చూసి, గుర్తుపెట్టుకుని, సామెతల్లో దాచిన సగటులు. అచ్చంగా శీతోష్ణస్థితి శాస్త్రం. కాబట్టి ఆయనతో "మీకు తెలీదు నాన్నా" అని మొదలుపెట్టకండి. "ఆరుద్రలో వానలు మీ చిన్నప్పటిలాగే పడుతున్నాయా నాన్నా?" అని అడిగి ఊరుకోండి. ఆయన చెప్పేది ఏదైనా వినండి. ఈ విషయంలో ఆయన సాక్షి.

రేపటి వాన చెప్పలేనివాళ్లు యాభై ఏళ్ల తర్వాతది ఎలా చెబుతారన్న ప్రశ్న మాత్రం చాలా మంచి ప్రశ్న. నేను కాలేజీలో పాఠం చెప్పిన రోజుల్లో చురుకైన పిల్లలే దీన్ని అడిగేవాళ్లు. మన నెహ్రూ బస్టాండుకి వెళ్లి ఒక ప్లాట్‌ఫారం దగ్గర నిలబడండి. తర్వాత వచ్చే గుడివాడ బస్సు మూడో సీట్లో ఎవరు కూచుంటారో చెప్పమంటే ఎవరూ చెప్పలేరు. వచ్చే ఏడాది సంక్రాంతికి రెండు రోజుల ముందు అక్కడ కాలు పెట్టే చోటు ఉంటుందా అంటే, ఆర్నెల్ల ముందే ఎవరైనా చెబుతారు. మొదటిది ఒక్కో మనిషి కదలికను బట్టి ఉంటుంది. రెండోది, జనాన్ని ఊళ్లకు నడిపించే పెద్ద కారణాన్ని బట్టి ఉంటుంది. రేపటి వానకు ఇవాళ్టి గాలీ తేమా ప్రతి మూలా తెలియాలి. యాభై ఏళ్ల తర్వాతి సగటుకు తెలియాల్సింది భూమికి ఎంత వేడి వస్తోంది, ఎంత బయటికి పోతోంది అన్న జమాఖర్చు. బీకాం చదివిన మీకు జమాఖర్చు గురించి నేను చెప్పక్కర్లేదు.

ఆ ఖర్చు వైపు ఏం జరుగుతోందో మాత్రం కాస్త నిదానంగా చెబుతాను. మిగతాదంతా దానిమీదే నిలబడింది.

పోయిన జనవరిలో మా వీధిలో ఏసీలు బాగుచేసే కుర్రాణ్ణి అడిగి, తుపాకీలా ఉండే ఉష్ణోగ్రత కొలిచే పరికరం రెండు మూడు రోజులకు తెచ్చుకున్నాను. దేనికైనా గురిపెట్టి మీట నొక్కితే, ఆ వస్తువులోంచి వచ్చే కంటికి కనపడని వేడి కిరణాలను బట్టి అంకె చూపిస్తుంది. రాత్రి పదింటికి డాబా ఎక్కి గచ్చుకు పెట్టాను, 24. పిట్టగోడకు పెట్టాను, 25. తలెత్తి, చుక్కలు స్పష్టంగా కనిపిస్తున్న ఆకాశానికి పెడితే అంకె సున్నా దాటి కిందికి పోయింది. రెండు రోజుల తర్వాత మబ్బు పట్టింది. అదే చోట నిలబడి, అదే ఆకాశం వైపు పెడితే 14 చూపించింది. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరూ దుప్పటి కప్పుకోలేదు.

పగలు ఎండలో కాగిన నేల రాత్రంతా ఆ వేడిని పైకి వదులుతూ ఉంటుంది. ఆకాశం తేటగా ఉంటే చాలా వేడి అంతరిక్షంలోకి పోతుంది, తెల్లారేసరికి చలేస్తుంది. మబ్బు ఉంటే కొంత వేడిని పట్టి మళ్లీ కిందికే పంపుతుంది. మబ్బు కంటికి కనిపిస్తుంది కాబట్టి దాని పని మనకు అనుభవంలో తెలుసు. ఇదే పనిని కంటికి కనపడకుండా చేసేవి గాలిలో ఉన్న నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడు, మీథేన్ వంటి వాయువులు. గాలిలో నూటికి తొంభై తొమ్మిది వంతులున్న నైట్రోజన్, ఆక్సిజన్ ఈ వేడి కిరణాలను పట్టుకోవు, వదిలేస్తాయి. కాబట్టి దుప్పటి పని అంతా ఆ మిగిలిన కొంచెమే చేస్తోంది. ఆ దుప్పటే లేకపోతే భూమి సగటు ఉష్ణోగ్రత సున్నాకు 18 డిగ్రీలు కింద ఉండేది. అది ఉండబట్టే దాదాపు 15 దగ్గర ఉంది. దుప్పటి చెడ్డది కాదమ్మా. దాన్ని మనం ఏటేటా మందం చేస్తున్నాం, బాధంతా అక్కడే.

ఇది నిన్నమొన్న పుట్టిన మాట కాదని మీ నాన్నగారికి చెప్పండి. గాలి భూమిని వెచ్చగా ఉంచుతోందని ఫ్రాన్సులో ఫోరియర్ 1824లోనే అన్నాడు. 1856లో యూనిస్ ఫుట్ అనే అమెరికా ఆవిడ గాజు గొట్టాల్లో వేరువేరు వాయువులు నింపి ఎండలో పెట్టి, కార్బన్ డయాక్సైడు ఉన్న గొట్టమే అన్నిటికంటే ఎక్కువ వేడెక్కిందని, త్వరగా చల్లారలేదని రాసింది. 1859లో టిండాల్ ఏ వాయువు వేడి కిరణాలను ఎంత పడుతుందో ప్రయోగశాలలో కొలిచాడు. 1896లో స్వీడన్‌లో అరీనియస్ కాగితం, కలం పెట్టుకుని, ఈ వాయువు పెరిగితే భూమి ఎంత వేడెక్కుతుందో లెక్కగట్టాడు. గాంధీగారు ఇంకా దక్షిణాఫ్రికాలో ఉన్న రోజులవి.

ఎంత పెరిగింది? ఫ్యాక్టరీల యుగానికి ముందు గాలిలో ప్రతి పది లక్షల అణువుల్లో 280 కార్బన్ డయాక్సైడువి. 1958లో హవాయి దీవుల్లోని మౌనా లోవా కొండ మీద కీలింగ్ అనే శాస్త్రవేత్త రోజూ కొలవడం మొదలుపెట్టినప్పుడు 315 చిల్లర. 2024 సగటు 424 దాటింది. అంటార్కిటికా మంచులో చిక్కుకుపోయిన పాత గాలి బుడగలను తీసి చూస్తే, ఫ్యాక్టరీల యుగానికి ముందు ఎనిమిది లక్షల ఏళ్లలో అది 300 దాటిన దాఖలా లేదు. "పది లక్షల్లో నాలుగొందలా, అదెంత?" అంటారేమో. తెల్ల పంచె ఉతికి ఆఖరి బకెట్లో నీలిమందు ఎన్ని చుక్కలు వేస్తారు? బకెట్ నీళ్లన్నీ కలిసి ఆ రంగును ఇవ్వలేవు, ఆ నాలుగు చుక్కలే ఇస్తాయి.

ఇక్కడ విజయవాడవాళ్లకు ఒక వీలుంది. మనకి చిన్నపిల్లలకి కూడా ఇన్‌ఫ్లో, ఔట్‌ఫ్లో అనే మాటలు తెలుసు. వర్షాకాలం వస్తే టీ కొట్టు దగ్గర కూడా "పులిచింతల నుంచి ఎంత వస్తోంది, బ్యారేజీ నుంచి ఎంత వదులుతున్నారు" అనే మాటే. గాలిని ఒక బ్యారేజీ అనుకోండి. బొగ్గు, పెట్రోలు, గ్యాసు కాల్చడం, సిమెంటు చేయడం వల్ల ఏటా దాదాపు 3,700 కోట్ల టన్నుల కార్బన్ డయాక్సైడు ఇన్‌ఫ్లో. గేట్లు సముద్రం, అడవులు, నేల. అవి ఏటా మనం వదిలేదాంట్లో ఇంచుమించు సగం లాగేస్తున్నాయి. మిగతా సగం గాలిలోనే నిలబడుతోంది, నీటిమట్టం పెరిగినట్టు ఆ అంకె పెరుగుతోంది. ఇన్‌ఫ్లో కాస్త తగ్గించామనుకోండి, మట్టం పెరిగే వేగం తగ్గుతుంది, మట్టం తగ్గదు. వచ్చేది పోయేదానికంటే తక్కువైతేనే నీళ్లు దిగుతాయి. చాలామంది చదువుకున్నవాళ్లు కూడా ఈ ముక్క దగ్గరే పొరబడతారు. "పోయిన ఏడు అంత కాల్చలేదుగా, మరి వేడి తగ్గలేదేం?" అంటారు. బ్యారేజీ చూసిన మనిషి ఆ మాట అనడు.

ఇప్పుడు "ఎండ సూర్యుడిది" అన్న మాట. దానికి జవాబు రాత్రి దగ్గర ఉంది. సూర్యుడే ఎక్కువ కాస్తుంటే పగళ్లు ఎక్కువ వేడెక్కాలి, గాలిలో కింది పొరా పై పొరా రెండూ వేడెక్కాలి. కానీ ప్రపంచం మొత్తం సగటు తీస్తే పగటికంటే రాత్రులే ఎక్కువ వేడెక్కాయి. కింది పొర వేడెక్కుతుంటే, ఎక్కడో పైన ఉన్న స్ట్రాటోస్ఫియర్ చల్లబడుతోంది. దుప్పటి మందమైతే దాని కింద వెచ్చన, పైన చల్లన కదా. ఇలా జరుగుతుందని మనాబే అనే శాస్త్రవేత్త, తన సహచరుడితో కలిసి 1967లోనే లెక్కగట్టి చెప్పాడు. ఆయనకు 2021లో నోబెల్ ఇచ్చారు. ఇక సూర్యుడి వెలుగును 1978 నుంచి ఉపగ్రహాలు కొలుస్తూనే ఉన్నాయి. పదకొండేళ్లకోసారి కాస్త హెచ్చుతగ్గులున్నాయి తప్ప, పెరుగుతూ పోయింది లేదు.

పెరిగిన ఆ వాయువు మనం కాల్చినదేనని ఎలా తెలుసు? దానికీ ముద్ర ఉంది. బతికున్న చెట్టులో కార్బన్-14 అనే రకం కొంచెం ఉంటుంది. చెట్టు చచ్చాక 5,730 ఏళ్లకు సగం చొప్పున అది తరిగిపోతుంది. ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషను పొగగొట్టాలు మీకు హైవే మీద కనిపిస్తాయి కదా. అక్కడ కాలే మన దేశపు బొగ్గు పాతిక కోట్ల ఏళ్ల నాటి అడవి. అందులో కార్బన్-14 అనేదే మిగలదు. గాలిలో ఈ పాత కార్బన్ వాటా పెరుగుతోందని 1950లలోనే గుర్తుపట్టారు. ఇవాళ ఎవరో కూచుని వాదించి గెలిచిన విషయం కాదిది. కొలిచిన విషయం.

మీ నాన్నగారు వరి రైతు కాబట్టి రాత్రి గురించి ఇంకొక్క మాట. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ పొలంలో చాలా ఏళ్ల దిగుబడులు, ఉష్ణోగ్రతలు పక్కపక్కన పెట్టి 2004లో ఒక సంగతి చెప్పారు. ఎండాకాలపు పంటలో రాత్రి ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే గింజ దిగుబడి సుమారు 10 శాతం పడిపోయింది. పగలు ఆకు సంపాదించిన దాన్ని వెచ్చటి రాత్రిలో మొక్క తానే ఎక్కువ తినేస్తుందన్నది ఒక కారణంగా చెబుతారు. ఆయనకు గ్రాఫులు చూపించడం కంటే ఈ సంగతి చెప్పండి. దాళ్వా పైరు గింజ పాలు పోసుకునేటప్పుడు రాత్రుళ్లు ఎలా ఉండేవి, ఇప్పుడెలా ఉంటున్నాయి అని ఆయనే ఆలోచిస్తారు.

"ఒక్క డిగ్రీ కూడా ఒక లెక్కేనా" అని చాలామంది అంటారు. 1850–1900 నాటి సగటుతో పోలిస్తే 2011–2020 దశాబ్దం 1.1 డిగ్రీలు ఎక్కువ. 2024 ఒక్క సంవత్సరం చూస్తే 1.5 దాటింది. మే నెలలో 42కీ 43కీ తేడా మనకి తెలీదు, నిజమే. కానీ ఇది మొత్తం భూమి సగటు. ఇరవై వేల ఏళ్ల కిందటి మంచుయుగంలో, ఉత్తర అమెరికాలో సగం కిలోమీటర్ల మందం మంచు కింద ఉన్న రోజుల్లో, భూమి సగటు ఇప్పటికంటే తక్కువైంది అయిదారు డిగ్రీలే. అంత మార్పు రావడానికి దాదాపు పదివేల ఏళ్లు పట్టింది. మనం అందులో అయిదో వంతు నూట యాభై ఏళ్లలో చేశాం.

సగటు కొంచెం జరిగితే తీవ్రతలు ఎందుకంత పెరుగుతాయన్నది మా క్లాసు మార్కులతో చెప్పేవాణ్ణి. అరవై మంది పిల్లలు, సగటు 60. తొంభై దాటినవాళ్లు ఇద్దరు. ఎనభై ఆరుకీ తొంభైకీ మధ్య ఆరుగురు. ప్రశ్న తప్పుంది కాబట్టి అందరికీ అయిదు మార్కులు కలపమన్నారు. సగటు అయిదే పెరిగింది, తొంభై దాటినవాళ్లు మాత్రం ఇద్దరల్లా ఎనిమిది మంది అయ్యారు. వడగాలి రోజుల సంగతీ ఇంతే. పాతరోజుల్లోనూ రోళ్లు పగిలే ఎండలున్నాయి, సామెత నిజం. సగటు జరిగేకొద్దీ అలాంటి రోజులు తరచుగా వస్తాయి, రోహిణి కోసం ఆగకుండా ముందే వస్తాయి.

వానకు ఇంకో లెక్క కూడా కలుస్తుంది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ ఆవిరిని పట్టి ఉంచగలదు. మోసుకొచ్చే సరుకు పెరిగింది కాబట్టి దించినప్పుడు ఒక్కసారే దించుతుంది. సముద్రం సంగతి దీనికి తోడు. దుప్పటి వల్ల మిగిలిపోయిన వేడిలో నూటికి తొంభై వంతులు సముద్రమే మింగుతోంది. మన బంగాళాఖాతం అందులో భాగమే.

మరి బుడమేరు సంగతి? ఇక్కడ నేను జాగ్రత్తగా మాట్లాడాలి. "అది వాతావరణ మార్పు వల్ల వచ్చిన వరద" అని ఒక్క ముక్కలో చెప్పేస్తే మీ పాపకు అన్యాయం చేసినవాణ్ణవుతాను. మైలవరం కొండల్లో పుట్టి కొల్లేరుకు పోయే ఏరు అది. వాన అసాధారణంగా పడింది. అదే రోజుల్లో కృష్ణ కూడా పొంగి, ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల 43 వేల క్యూసెక్కులు దాటింది. 1957లో బ్యారేజీ కట్టినప్పటినుంచీ ఎన్నడూ అంత రాలేదు. నది అంత ఎత్తులో ఉంటే, బుడమేరు నీటిని మళ్లించి తీసుకెళ్లే కాలువకు అందులో కలిసే దారి దొరకదు. ఆ కాలువ గట్టుకు మూడు చోట్ల గండ్లు పడ్డాయి. ఊళ్లోకి వచ్చాక ఏరు పారే చోటంతా దశాబ్దాలుగా ఇళ్లూ ప్లాట్లూ అయిపోయింది. ఇన్నీ కలిస్తే మీ మెట్లు మునిగాయి. వేడెక్కిన గాలి వాన మోతాదును పెంచగలదు. ఆ నీరు ఎవరి ఇంట్లో నిలబడాలో నిర్ణయించేది గట్టూ, కాలువా, ఇంటి ప్లానూ. కృష్ణలంక వైపు కట్టిన రిటైనింగ్ గోడ అదే వరదలో అక్కడివాళ్లను చాలావరకు కాపాడింది కదా. ఇది పాపకు తప్పకుండా చెప్పండి.

అన్నిటినీ దీని నెత్తినే వేయడం కూడా తప్పే. 2021లో గుంటూరు మిరపను తుడిచిపెట్టిన నల్ల తామరపురుగు బయటి దేశాల నుంచి వచ్చిపడిన పురుగు. విజయవాడలో మే రాత్రి పదకొండింటికి కూడా గోడలు సెగలు కక్కుతున్నాయంటే, అందులో కొండరాళ్ల వాటా ఉంది, కొట్టేసిన చెట్ల వాటా ఉంది, కాంక్రీటు వాటా ఉంది, ఒకరి ఏసీ వేడి ఇంకొకరి కిటికీలోకి కొట్టడం ఉంది. అది మన ఊరు చేసుకున్నది. ప్రపంచపు వేడి దానిమీద అదనం. ఊళ్లు లేని నడిసముద్రంలో కూడా ఉష్ణోగ్రత పెరుగుతోంది కాబట్టి మొత్తం నెపం కాంక్రీటు మీదకు నెట్టలేం.

"పెద్ద దేశాలు కాల్చుకుతిని మనకు చెబుతారా" అని మీ నాన్నగారు ఎప్పుడైనా అంటే, ఆ కోపం న్యాయమైనదే, ఒప్పుకోండి. సగటు భారతీయుడి వాటా ఏడాదికి రెండు టన్నుల చిల్లర, అమెరికావాడిది దాదాపు పద్నాలుగు. ఎవరిది తప్పన్నది వేరు, ఏం జరుగుతోందన్నది వేరు. ఆయన మొదటిదానిమీద కోపంతో రెండోదాన్ని కాదనకూడదు, అంతే.

ఇక పాప. "ఏం కాదులే, పడుకో" అనకండమ్మా. నీళ్లు ఎక్కడం చూసిన పిల్ల ఆ మాట నమ్మదు, మీరు చెప్పే మిగతా మాటలు కూడా నమ్మడం మానేస్తుంది. "అవును, వేడెక్కుతోంది, నువ్వు చదివింది నిజమే" అని మొదలుపెట్టండి. ఆ తర్వాత, ఏమీ మిగలదన్నది మాత్రం శాస్త్రం చెప్పని మాట అని చెప్పండి. ఇది ఫలానా అంకె దాటగానే పడిపోయే గొయ్యి కాదు. ఒకటిన్నర కంటే రెండు డిగ్రీలు ఎక్కువ బాధ, రెండు కంటే రెండున్నర ఇంకా ఎక్కువ. ఆపిన ప్రతి చిన్న వంతుకీ విలువుంది. మనుషులు కార్బన్ డయాక్సైడును నికరంగా వదలడం ఆపేస్తే, వేడి పెరగడం కూడా ఇంచుమించు ఆగుతుందనే శాస్త్రం చెబుతోంది.

మనిషి ఇలాంటిది ఒకటి ఆపాడు కూడా. ఓజోన్ పొరకు చిల్లు గురించి పాప స్కూల్లో చదివే ఉంటుంది. చాలామంది టీచర్లు సైతం ఆ చిల్లులోంచి ఎండ పడి భూమి వేడెక్కుతోందని చెబుతుంటారు. రెండూ వేరు సమస్యలు. ఓజోన్‌ను తినేసింది ఫ్రిజ్జుల్లో, స్ప్రే డబ్బాల్లో వాడిన వాయువులు. 1987లో మాంట్రియల్‌లో దేశాలు ఒప్పందం చేసుకుని వాటిని క్రమంగా మానేశాయి, ఇప్పుడు ఆ పొర మెల్లగా కోలుకుంటోంది.

తాతగారి 1977ను కూడా పాప వైపుకు తిప్పండి. ఆనాడు ఉప్పెన వస్తోందని దివిసీమలో చాలామందికి తెలీదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను నేరుగా విశాఖ మీదే వచ్చిపడింది. ఊరు ఊరంతా ధ్వంసమైంది, కానీ ఆంధ్రలో పోయిన ప్రాణాలు వంద దాటలేదు. తుపాను తగ్గి కాదు. ముందే తెలిసి, మనుషుల్ని కదిలించగలిగి. తాతగారు ఆ రెండూ చూసిన మనిషి. ఆ తేడా ఆయన నోటితో పాపకు చెప్పించండి, నేను రాసినదానికంటే బాగా చెబుతారు.

భయానికి చేతిలో పని కావాలి. ఈసారి నీళ్లొస్తే ఏం చేస్తామో ఇంట్లో నలుగురూ కూచుని ఒక కాగితం మీద రాయండి. పాప చేతే రాయించండి. కాగితాలూ సర్టిఫికెట్లూ ఏ సంచిలో, ఏ అలమరలో పైన. మందులెక్కడ, టార్చి ఎక్కడ, తాగే నీళ్ల డబ్బాలెన్ని. నీళ్లు ఎన్నో మెట్టు ఎక్కితే ఇల్లు వదిలేయాలి, ఎవరింటికి వెళ్లాలి. మెట్లు లెక్కపెట్టడం ఆ పిల్లకు వచ్చు. ఈసారి ఆ లెక్క దేనికో తనకి తెలిసి ఉంటుంది.

ఇంకో పని కూడా ఇవ్వండి. అడుగు నుంచి మూతి దాకా ఒకే వెడల్పున్న గాజు సీసా ఒకటి, స్టీలు స్కేలు ఒకటి. సీసాను డాబా మీద గోడలకూ చెట్లకూ దూరంగా, పడిపోకుండా నాలుగు ఇటుకల మధ్య పెట్టమనండి. రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు నీళ్లు ఎన్ని మిల్లీమీటర్లున్నాయో కొలిచి, రాసి, పారబోయాలి. వాతావరణ శాఖవాళ్లూ ఎనిమిదిన్నరకే కొలుస్తారు, కాబట్టి మర్నాడు పేపర్లో వాళ్ల అంకెతో తన అంకె పోల్చుకోవచ్చు. ఒక మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరుకు ఒక లీటరు నీళ్లు. మీ డాబా మీద ఎన్ని బిందెలు పడ్డాయో ఆ పిల్లే లెక్కగట్టుకుంటుంది. వాన చప్పుడు వినగానే గుండె దడదడలాడే పిల్ల, కొన్నాళ్లకు "ఎంత పడిందో పొద్దున్నే చూడాలి" అనుకుంటూ పడుకోవచ్చు. మా ఇంటి పక్క ఒక పిల్లాడి విషయంలో ఇది నేను దగ్గరుండి చూశాను. అప్పటికీ నిద్ర పట్టక, తిండి సహించక అలాగే ఉంటే ఆలస్యం చెయ్యకుండా పిల్లల డాక్టరుకు చూపించండి.

చివరిగా మీరు ఉత్తరంలో మాటవరసకు రాసేసిన ఆ పుస్తకాలు. నలభై ఏళ్లు ఒకే ఊళ్లో, ఒకే చేతితో రాసిన వానల లెక్క! అలాంటిది దొరకడం ఎంత అపురూపమో మీకు తెలుసో లేదో. ఒక్క జాగ్రత్త. నారు పోసిన తేదీలను బట్టి ఏమీ తేల్చకండి. డెల్టాలో అవి కాలువలకు నీళ్లు ఎప్పుడు వదిలారన్నదాన్ని బట్టి మారతాయి. వాన పడిన రోజులు, ఎండలు భరించలేక పని ఆపేసిన రోజులు, చలికి పైరు ఆగిన రోజులు, ఇవి వేరుగా తీయాలి. వేసవి సెలవులకు పాపను తెనాలి పంపి, తాతగారు చదువుతుంటే తనను రాయమనండి. మొదటి పదేళ్లు ఒక కాగితం మీద, చివరి పదేళ్లు ఇంకో కాగితం మీద. ఎవరి మాట నెగ్గుతుందో ముందే చెప్పకండి, ఒక్క ఊరి లెక్కలో అది స్పష్టంగా తేలకపోవచ్చు కూడా. ఆ పుస్తకాలు ఎక్కడున్నాయో మీరు రాయలేదు. అటక మీదైతే ఈ వారమే ఫోను చేసి కిందికి దించమనండి, చెదలు పట్టకముందు.